సీలు విప్పని సాక్ష్యం

ఆ ఆదివారం పొద్దున కుటుంబరావు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదిన్నర బస్సుకి జగ్గయ్యపేటలో బయల్దేరడం, నందిగామలో వియ్యాలవారింట్లో దిగడం, పెళ్ళి వీడియో వేసి చూపించడం, తను చెప్పిందే నిజమని అందరిచేతా అనిపించుకోవడం, భోజనం చేసి పెద్దమ్మాయి ఉషశ్రీని వెంటబెట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరడం. వచ్చే మంగళవారం శ్రావణంలో మొదటి మంగళవారం. పెళ్ళైన మొదటి ఏడాది మంగళగౌరీ నోము పుట్టింట్లో పట్టాలి. ఆయన భార్య ఆండాళమ్మ అప్పుడే శనగలు తెప్పించింది. కూతురి చేతి తొలి వాయనం అందుకోవడానికి కొత్త చీర కూడా తీసి పెట్టుకుంది.

అడ్డల్లా అల్లుడి మేనమామ శాంతయ్య. వైశాఖంలో జరిగిన పెళ్ళిలో, మొదటి బంతికి తనను లెమ్మన్నవాడు లేడని ఆయన అలిగాడు. పెళ్ళికొడుకు మేనమామ అంటే మాటలా? ఆడపిల్ల తండ్రి స్వయంగా వచ్చి “భోజనానికి లేవండి” అనాలి. అనలేదు గనక తినకుండానే వెళ్ళిపోయాడు. అన్నగారి మాటకు ఎదురుచెప్పని అల్లుడి తల్లి భారతీదేవి, కోడల్ని ఆషాఢానికి కూడా పుట్టింటికి పంపలేదు.

“ఈ చేత్తో పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టా. నెయ్యి నేనే వడ్డించా. తిని తినలేదంటాడేంటండీ పెద్దమనిషి!” అని కుటుంబరావు మూడు నెలలుగా తన స్టీలు సామాన్ల కొట్టుకి వచ్చిన ప్రతివారికీ చెప్పాడు. ఆ పెళ్ళిలో ఆయనకు కోపమున్నది ఒక్క జనరేటరు మనిషి మీదే. మొదటి బంతి మధ్యలో కరెంటు పోయి అరగంట చీకట్లో కూర్చున్నా, ఆ మహానుభావుడు జనరేటరు వెయ్యలేదు.

శనివారం సాయంత్రం వీడియో ఆయన పెళ్ళి డీవీడీ ఇచ్చి వెళ్ళాడు. కవరు చుట్టూ టేపు అంటించి ఉంది.

“ఓసారి మనం చూసుకుని తీసుకెళ్తే పోలా?” అంది ఆండాళమ్మ.

“సీలు విప్పితే ఏదో మిక్సింగ్ చేయించామంటారే. సరుకు సీలుతో ఉంటేనే నమ్మకం,” అన్నాడు కుటుంబరావు. ముప్పై ఏళ్ళు వ్యాపారం చేసినవాడి మాట అది.

వియ్యాలవారింట్లో ఉన్నది పాత సీడీ ప్లేయరు, డీవీడీలు తీసుకోదు. కుటుంబరావు ఇంట్లో ఉన్నదీ నిజానికి ప్లేయరు కాదు. రెండో కూతురు చందన టెన్త్‌లో స్కూలు ఫస్టు వచ్చినందుకు బెజవాడలో కొనిపెట్టిన వీడియో గేముల మిషను. “డీవీడీలు కూడా ఆడుతుందండీ, హోమ్ థియేటర్ అనుకోండి” అని కొట్టువాడు అనేసరికి, ఒకే వస్తువుతో రెండు పనులని ఆయన మురిసిపోయి కొన్నాడు. ఇంటర్లో చేరాక కూడా చందన కార్ల పందేలు మానలేదు. అందుకని దాన్ని ఆడించే వైర్ల రిమోట్లు రెండూ పట్టుకెళ్ళి కొట్లో ఇనప్పెట్టెలో పెట్టాడు. సినిమా చూడాలనిపించిన రోజు ఒకటి ఇంటికి తెచ్చేవాడు, మర్నాడు పట్టుకుపోయేవాడు. “అవి రిమోట్లు కాదు నాన్నా, కంట్రోలర్లు” అని చందన మొత్తుకునేది. పేరేదైనా, ఆ ఏర్పాటు తలుచుకుంటే ఆయనకు గర్వంగా ఉండేది.

నందిగామలో హాలు నిండా చుట్టాలే. శాంతయ్య కేన్ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కుటుంబరావు సంచీలోంచి మిషను తీసి టీవీకి తగిలించి, సీలు అందరికీ చూపించి, భారతీదేవి చేతే టేపు కత్తిరింపించాడు. డిస్కు లోపలికి వెళ్ళింది. నాదస్వరం మోగింది. తెరమీద ఉషశ్రీ, అల్లుడు రాజ్‌కిరణ్ దండలు మార్చుకున్నారు. కింద నాలుగు పేర్లు: స్నాతకం, ముహూర్తం, తలంబ్రాలు, భోజనాలు. ఆ పైన నాదస్వరం మళ్ళీ మోగింది. వాళ్ళిద్దరూ మళ్ళీ దండలు మార్చుకున్నారు.

“వెయ్యండి మరి, అన్నయ్యగారూ,” అంది భారతీదేవి.

కుటుంబరావు సంచీలో చెయ్యి పెట్టాడు. సంచీ తిరగేశాడు. మిషనుకున్న మీటలు రెండే. ఒకటి నొక్కితే డిస్కు బయటికొచ్చింది. ఇంకోటి నొక్కితే నాదస్వరం మొదట్నుంచీ వచ్చింది. రిమోట్లు పేటలో ఇనప్పెట్టెలో ఉన్నాయి. ఇనప్పెట్టె తాళం ఆయన మొలతాడుకి ఉంది.

చందనకి ఫోను చేసి, బస్టాండుకి పరుగెత్తాడు. పేట వెళ్ళే బస్సులో తెలిసిన కండక్టరు ఏలీయా కనిపించాడు.

“ఏలీయా, మా చందన బస్టాండులో నుంచుంటుంది. ఈ తాళం దాని చేతికే ఇవ్వు.”

“ఇనప్పెట్టె తాళమా అండీ? నా చేతికే?” ఏలీయా రెండు చేతులూ చాచాడు.

“పరువు సంగతయ్యా. జాగ్రత్త.”

తాళం వెళ్ళాలి, చందన కొట్టు తెరవాలి, తిరుగు బస్సు దొరకాలి. రెండున్నర గంటల పని. అంతసేపూ హాల్లో నాదస్వరం మోగుతూనే ఉంది. టీవీ కట్టేద్దామంటే కుటుంబరావు ఒప్పుకోలేదు. సాక్ష్యం మీంచి చూపు తప్పకూడదట. పిల్లలు నాదస్వరంతో పాటు పాడటం మొదలుపెట్టారు. మూడుసార్లు కాఫీలొచ్చాయి. రాజ్‌కిరణ్ తెరమీద ఏ రెండు మూడొందల సార్లో దండ వేశాడు.

మూడో కాఫీ దగ్గర శాంతయ్య కట్టుకున్న చేతులు విప్పాడు.

“దండ వేసేటప్పుడు మావాడి మొహం చూడండి బావగారూ. వాళ్ళ నాన్న పోయినప్పుడు వీడికి ఆరేళ్ళు. అప్పట్నుంచీ నా భుజాల మీదే పెరిగాడు.” కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. “సర్లెండి, జరిగిందేదో జరిగింది. భారతీ, మంగళవారానికి పిల్లని పంపించమ్మా.”

వంటింటి గుమ్మంలో నుంచున్న ఉషశ్రీ మొహం వెలిగిపోయింది. “నాన్నా, ఇక భోజనాలకి లేవండి. చందన వస్తే నాతో తింటుంది,” అంది గబగబా.

ఇక్కడ కుటుంబరావు లేచి చేతులు కడుక్కుని ఉంటే సరిపోయేది. కూతురు కళ్ళతో సైగ కూడా చేసింది. కానీ మూడు నెలలుగా మోస్తున్న న్యాయం ఆయన్ని లేవనివ్వలేదు.

“అలా కాదు బావగారూ. మీరేదో దయతల్చి వదిలేసినట్టుంటుంది. తప్పు నాది కాదని తేలాలి కదండీ.”

శాంతయ్య మొహం మారింది. “అయితే అబద్ధం నాదంటారా?”

“నేననడం ఎందుకు? అదే చెబుతుంది.”

పన్నెండున్నరకి చందన చెమటలు కక్కుకుంటూ వచ్చింది. కంట్రోలర్ తగిలించి, రెండే నొక్కుల్లో భోజనాల దగ్గరికి వెళ్ళిపోయింది. నాదస్వరం ఆగేసరికి హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

తెరమీద కుటుంబరావు కనిపించాడు. ఫొటోల్లో మెరుస్తోందని ఎవరో తీయించడంతో ఆయనకి కళ్ళజోడు లేదు. కుర్చీల వరసలో గంధం రంగు సిల్కు చొక్కాతో శాంతయ్య. కుటుంబరావు తనవైపే వస్తుంటే చూసి, కండువా సర్దుకుని, నవ్వుతూ కుర్చీలోంచి సగం లేచాడు.

“ఇదుగో! చూశారా!” అని అరిచాడు హాల్లో కుటుంబరావు. నాన్నకి సాయం చేద్దామని చందన ఒక మీట నొక్కింది. బొమ్మ మెల్లగా కదలసాగింది.

కుటుంబరావు మెల్లగా శాంతయ్యని దాటిపోయాడు. వెనకాల నుంచున్న మరో గంధం రంగు చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. ఆ మనిషి బయటికి చూపిస్తూ ఏదో చెప్పబోతున్నా వినకుండా బంతిలోకి లాక్కెళ్ళాడు. శాంతయ్య సగం లేచినవాడు అలాగే ఉండిపోయాడు. ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాడు. మళ్ళీ కూర్చుని, అవసరం లేకపోయినా చేతి గడియారం సర్దుకున్నాడు. ఇదంతా చాలాసేపు పట్టింది. కంగారులో చందనకి మామూలు వేగానికి తెచ్చే మీట దొరకలేదు.

తర్వాత కుటుంబరావు కొసరి కొసరి నెయ్యి వడ్డిస్తున్న దృశ్యం వచ్చింది.

“ఎవరతను?” అంది భారతీదేవి.

“జనరేటరు ఆయన కదూ?” అన్నాడు రాజ్‌కిరణ్. “అందుకా మావయ్యగారూ, కరెంటు పోతే వెయ్యలేదు? బంతిలో ఉన్నాడు పాపం!”

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నారు. కుటుంబరావు తన అరచెయ్యి చూసుకున్నాడు. పట్టుకున్నానని మూడు నెలలుగా ఆ చెయ్యి గట్టిగా నమ్మింది. పట్టుకున్న మాట నిజమే, మనిషే వేరు. సిగ్గుతో, అంతకంటే ఎక్కువ దిగులుతో, ఆయన లేచి శాంతయ్య చెయ్యి పట్టుకున్నాడు.

“తప్పు నాదే బావగారూ. క్షమించండి. భోజనానికి లేవండి.”

శాంతయ్య చెయ్యి విడిపించుకున్నాడు. కోపంగా కాదు, మెల్లగానే.

“ఇది మా చెల్లెలి ఇల్లండీ. ఇక్కడ నన్ను లెమ్మనడానికి మీరెవరు? తినలేదన్నది మర్చిపోదామనే అనుకున్నా. సగం లేచి కూర్చున్నది మాత్రం ఎవరూ చూడలేదనుకుని ధైర్యంగా ఉన్నా. ఇవాళ ఇంటిల్లిపాదికీ చూపించారు.”

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. భారతీదేవి అన్నగారి వెనకాల గుమ్మందాకా వెళ్ళి, తిరిగొచ్చి, కోడలి ప్రయాణం మాట మళ్ళీ ఎత్తలేదు.

తిరుగు బస్సులో మిషను సంచీ ఒళ్ళో పెట్టుకుని కుటుంబరావు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. “అక్క అంతా చెప్పింది. ఆయన సర్లెండి అన్నప్పుడే లేచి భోంచేసుంటే బాగుండేది కదా నాన్నా,” అంది చందన. ఆ మాట ఆయన నందిగామ దాటినప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాడు.

మంగళవారం నోము నందిగామలోనే జరిగింది. ఆండాళమ్మ శనగలు మూటగట్టుకుని బస్సెక్కి వెళ్ళి, వియ్యాలవారి హాల్లో కూర్చుని కూతురి చేతి తొలి వాయనం అందుకుంది. కుటుంబరావు వెళ్ళలేదు. ఆయన్ని రమ్మన్నవాళ్ళు లేరు.

కంట్రోలర్లు రెండూ చందనకి ఇచ్చేశాడు. మీ హోమ్ థియేటర్ ఎలా పనిచేస్తోందండీ అని కొట్టుకి వచ్చినవాళ్ళు అడిగితే, గిన్నెలు తుడుచుకుంటూ ఒకటే మాట చెప్పేవాడు: “రిమోట్ రానంతసేపూ బ్రహ్మాండంగా పనిచేసిందండీ.”