జాబితాలో అరవై ఒకటో వస్తువు

ఆ గురువారం పొద్దున రగ్దా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కంప్యూటర్ షాపు, పదింటికి ఇల్లు, పదీ పదికి ప్రాసెసర్ ప్రెషర్ కుక్కర్ లోపల. పదకొండింటికి సారె సామాను ట్రక్కులెక్కి, డప్పులతో ఈజిప్టులోని ఆ టాంటా ఊరి వీధులన్నీ తిరిగి, కొత్త ఫ్లాట్‌కి చేరుతుంది. సాయంత్రం కాబోయే భర్త షిహాబ్ వచ్చి, ఇవన్నీ పెళ్లికూతురి సొత్తేనని ఒప్పుకుంటూ సామాను జాబితా మీద సంతకం పెడతాడు. వారం తిరిగేసరికి పెళ్లి.

ప్రాసెసర్ ఒక్కటే మిగిలింది. తక్కినవన్నీ నెలనెలా కొని, వాటి పెట్టెలతో సహా సారెలోనే దాచేసింది. మదర్‌బోర్డు ట్రేల సెట్టు డబ్బాలో, పవర్ సప్లై మిక్సీ డబ్బాలో, మెమరీ చెంచాల పెట్టెలో, రంగు లైట్ల ఫ్యాన్లు టేబుల్ ల్యాంప్ డబ్బాలో, అద్దం తలుపున్న క్యాబినెట్ దుప్పట్ల మూట నడుమ. పెళ్లయిన నెలకి, లెక్కల పాఠాలు చెప్పుకోవడానికి పాత కంప్యూటరొకటి చవగ్గా దొరికిందని చెప్పి మెల్లగా బిగించుకోవాలని ఆలోచన.

ఇంత దొంగతనం ఎందుకంటే, కారణం షిహాబ్ తల్లి. పెళ్లిచూపుల్లో షర్బత్ గ్లాసు పట్టుకుని ఆవిడ ఒక మాట అంది. "మావాడికి ఆటల పిచ్చి లేదమ్మా. స్క్రీన్ ముందు కూచుని ఉత్తుత్తి తుపాకులు పేల్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. అలాంటి మనిషిని నా గడప తొక్కనివ్వను."

షిహాబ్ బుద్ధిగా తలూపాడు. రగ్దా కూడా తల వంచుకుంది. ఆ మధ్యాహ్నమే ఆమె తన పాత ల్యాప్‌టాప్ మీద పదకొండు మందిని పేల్చి, చేతులు కడుక్కుని, చీకటి పడకముందే పెళ్లిచూపులకి తయారైంది. అబ్బాయి నచ్చాడు. మందుల షాపులో పని, మెల్లగా మాట్లాడతాడు, నవ్వితే బుగ్గన గుంట పడుతుంది. ఆట కోసం అతన్ని పోగొట్టుకోలేదు. అతని కోసం ఆటనీ వదులుకోలేదు. అందుకే కుక్కరు.

షాపులో పని మూడు నిమిషాల్లో అయిపోయింది. ఏ ప్రాసెసర్ కొనాలో ఆమె ఆరు నెలల క్రితమే తేల్చుకుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనే స్తోమత లేదు కాబట్టి, బొమ్మలు చూపించే పనీ తనే చేసుకునే రకం. షాపతను పెట్టె చేతిలో పెడుతూ అడిగాడు. "బోర్డు ఏదండీ?"

"మీ దగ్గరే కొన్నా, పోయిన నెల. నేనడిగిన దానికన్నా కొత్త రకం, అదే ధరకి వస్తోందని మీరే ఇచ్చారుగా!"

"ఆగండి, ఏది ఇచ్చానో ఓసారి..."

అప్పుడే ఫోన్ మోగింది. అవతల తండ్రి హాజ్ బదవీ. "ఎక్కడున్నావే? ట్రక్కులు ముందే వచ్చాయి, మీ పిన్ని అంతా ఎక్కించేసింది, బయల్దేరుతున్నాం!"

రగ్దా పెట్టెని హ్యాండ్‌బ్యాగులో కుక్కుకుని, పెళ్లికూతురినన్న సంగతి మరిచి పరుగెత్తింది.

ఆమె ఫ్లాట్ చేరేసరికి డప్పులు ఆగాయి. తల్లి పోయాక తనని పెంచిన నజాత్ పిన్ని, ఇరుగుపొరుగు ఆడవాళ్లు హాల్లో నడుములు పట్టుకుని నిలబడి నీష్ వంక మురిపెంగా చూస్తున్నారు. నీష్ అంటే పెళ్లికూతురి గాజు సామాను కొలువుదీరే అద్దాల బీరువా. ఒకసారి అందులోకెక్కిన కప్పుతో మూడు తరాల దాకా ఎవరూ టీ తాగరు.

పై అరలో, రెండు స్ఫటికపు హంసల మధ్య, పళ్లెం నిలబెట్టే స్టాండు మీద మదర్‌బోర్డు కూర్చుని ఉంది.

కింది అరలో సూపు గిన్నెల పక్కన మూడు ఫ్యాన్లు. మెమరీ ముక్కలు రెండూ అత్తరు సీసాలకి అటూ ఇటూ. పవర్ సప్లై మీద లేసు గుడ్డ పరిచి, దానిమీద ప్లాస్టిక్ గులాబీ. నీష్ పక్కనే క్యాబినెట్, అందులో నాలుగు తువ్వాళ్లు.

"డబ్బాలన్నీ విప్పేశావా పిన్నీ!"

"విప్పక? డబ్బాల్లో పెట్టి ఎవరికి చూపిస్తానే? ఇంతకీ ఎంత బాగుందే ఈ నల్లపళ్లెం! అన్నీ సన్నసన్న గీతలు! ఎదురింటావిడ మొహం చూడాల్సింది, మాడిపోయింది. సబ్బునీళ్లతో కడుగుదామనుకున్నా, వేళ మించిపోయి తుడిచి పెట్టేశా."

రగ్దా గోడకి ఆనుకుంది. కడగలేదు. అది చాలు. "పిన్నీ, అది కాస్త నాకు..." అంటూ చెయ్యి చాచింది. పిన్ని ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "నీష్‌లో చెయ్యి పెడతావా? సంతకం అయ్యేదాకా ఒక్క చెంచా కదలడానికి వీల్లేదు!"

ఇక మిగిలింది జాబితా. రైల్వే స్టోర్లో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసిన హాజ్ బదవీ కళ్లజోడు సవరించుకుని, ఖాళీ డబ్బాలు ముందేసుకుని, వాటి మీదున్న ప్రతి అక్షరం, ప్రతి అంకె పొల్లుపోకుండా ఎక్కిస్తున్నాడు. అరవై ఒకటి, బోర్డు. అరవై రెండు, పవర్ సప్లై. అరవై మూడు, మెమరీ. అరవై నాలుగు, ఫ్యాన్లు. అరవై ఐదు, అద్దాల పెట్టె.

"ఇవేంటే?" అన్నాడు తలెత్తకుండా.

"అలంకారం, నాన్నా."

"సరే. ఏదైనా రాయాల్సిందే. ఆ సంచిలో ఏంటి?"

"ఏం లేదు!"

పిన్ని అప్పటికే సంచి లాగేసుకుంది. ప్రాసెసర్ పెట్టె విప్పి, అడుగున వరసలుగా మెరుస్తున్న బంగారు ముళ్లు చూసి, ముద్దొచ్చి, స్ఫటికపు చక్కెర గిన్నెలో పెట్టి మూత వేసింది. హాజ్ బదవీ అరవై ఆరు అని రాసుకున్నాడు.

పొద్దు వాలేవేళ అసర్ నమాజు అయ్యాక షిహాబ్, అతని తల్లి వచ్చారు. ఆవిడ నీష్ చూసి "మాషా అల్లా" అంది. రగ్దాకి ఊపిరాడింది. ఒక్క గండమే మిగిలింది, అదీ గండం కాదు. జాబితాని అల్లుడు చదవడు. చదవకుండా సంతకం పెట్టడమే మర్యాద, చదవడమంటే మామగారిని అనుమానించడమే.

షిహాబ్ కాగితాలు తీసుకున్నాడు, కలం మూత తీశాడు, చివరి పేజీ తిప్పాడు. కళ్లు ఒక వరస మీద పడ్డాయి. ఆగాయి. పై వరసకి వెళ్లాయి, కిందికి దిగాయి. అతను లేచి నీష్ దగ్గరికి నడిచి, హంసల మధ్యకి తొంగిచూశాడు. చక్కెర గిన్నె మూత ఎత్తాడు. మొహం పాలిపోయింది.

"మామయ్యా, క్షమించండి. దీనిమీద నేను సంతకం పెట్టలేను."

సంతకం కోసం గుమ్మంలో కాచుకున్న డప్పువాడు వాయించడానికి ఎత్తిన కర్ర గాల్లోనే ఉంచేశాడు.

"ఏమన్నావ్?" హాజ్ బదవీ లేచాడు. "ముప్పై ఏళ్లలో నా జాబితాలో ఒక్క మేకు తేడా రాలేదు! నా లెక్క తప్పంటావా?"

"తప్పే మామయ్యా, కానీ..."

"చదివాడు!" పిన్ని గుండెలు బాదుకుంది. "చదివిందే కాక తప్పంటున్నాడు! పిలవండి ట్రక్కుల్ని! దించండి సామాను!" అంటూ ఒక హంసని చంకలో పెట్టుకుంది. షిహాబ్ తల్లి కొడుకు చొక్కా పట్టి లాగింది. "నోర్మూసుకుని సంతకం పెట్టరా, పరువు తీస్తావా!"

రగ్దా ముందుకొచ్చింది. పోయేది ఎలాగూ పోతోంది, నిజం చెప్పే పోనీ అనుకుంది. "ఎవరూ అరవకండి. తప్పు నాది. అవి అలంకారం కాదు. అది..."

"అరవై ఒకటి, అరవై ఆరు కలవవు," అన్నాడు షిహాబ్ ఉండబట్టలేక. "ఈ బోర్డు కొత్త రకం, ప్రాసెసర్ కూర్చునే సాకెట్లోనే పిన్నులుంటాయి. ఆ ప్రాసెసర్ పాత రకం, దాని అడుగునా పిన్నులే. రెండు పక్కలా ముళ్లుంటే కూర్చునేదెక్కడ? పాపం, మెమరీ కూడా దీనికెక్కదు. ఇలాంటి దానిమీద ఎలా పెట్టమంటారు సంతకం?"

పిన్ని చంకలో హంస జారింది, మళ్లీ పట్టుకుంది.

రగ్దా అతన్నే చూస్తోంది. అతనూ చూశాడు. బుగ్గన గుంట పడింది.

"ఒరేయ్," అంది తల్లి మెల్లగా, "నీకెలా తెలుసురా ఇదంతా?"

షిహాబ్ ఇంటికప్పు వైపు చూశాడు.

"అయితే ప్రతి గురువారం నువ్వు చేసే ఓవర్‌టైమ్..."

"మందుల షాపులో కాదమ్మా. పక్క మేడ మీద. స్నేహితుడి ఇంట్లో."

తల్లి కుర్చీలో కూలబడింది. పిన్ని మంచినీళ్లు అందించింది, మామూలు గ్లాసుతోనే. ఆవిడ తాగి, కాబోయే కోడలి వైపు తిరిగింది. "నువ్వూనా?"

"నేనూనే, అత్తయ్యా."

ఆవిడ ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది. "పోనీలే. బయట తిరగరు. ఇద్దరూ ఒకే గదిలో పడుంటారు."

రగ్దాకి నవ్వొచ్చి, కళ్లనీళ్లొచ్చి, చివరికి నవ్వే నిలిచింది.

హాజ్ బదవీ మాత్రం ఇవేవీ వినలేదు. అతని మనసు అరవై ఒకటి దగ్గరే ఉంది. "కలవని సామాను ఎక్కించానా నేను?" అని గొణిగి, "అబ్బాయీ, షాపు ఎన్నింటిదాకా ఉంటుంది? పద. తప్పు సైజు బోల్టు వస్తే వెనక్కి పంపి సరైనది తెప్పించుకోవడం నాకు కొత్త కాదు," అన్నాడు.

నీష్ తలుపుకి అడ్డంగా పిన్ని నిలబడింది. ఆ కుటుంబ చరిత్రలో నీష్‌కెక్కిన వస్తువు గడప దాటడం అదే మొదటిసారి. రెండోసారి ఎప్పటికీ జరగదని తండ్రీ కూతురూ మాటిచ్చాక తప్పుకుంది.

తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో సరైన బోర్డు హాజ్ ఒళ్లో ఉంది. వెనక సీట్లో పక్కనున్న రగ్దాని షిహాబ్ గొంతు తగ్గించి అడిగాడు. "మరి నన్నూ ఆడనిస్తావా?"

"జాబితా చదివావుగా. అరవై ఒకటి నుంచి అరవై ఆరు దాకా నావి. అడిగి ఆడు."

ఆ సాయంత్రం షిహాబ్ ఈసారి చదవకుండా సంతకం పెట్టాడు. సరైన బోర్డు రగ్దా చేతిలోనే ఉండిపోయింది. హంసల నడుమ ఖాళీ కనపడితే ఎదురింటావిడ ఏమనుకుంటుందోనని పిన్ని అక్కడ ఆ బోర్డు అట్టపెట్టెని నిలబెట్టింది. దాంతో హాజ్ బదవీ జాబితా మళ్లీ తెరిచి, అరవై ఏడు, ఖాళీ పెట్టె, ఒకటి అని రాసి, దానికి విడిగా ఇంకో సంతకం తీసుకున్నాడు.