టిష్యూ పెట్టిన సీటు

ఆ శుక్రవారం ఉదయానికి అబ్దుల్ రహీం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే వెళ్ళి కొట్టు తెరవాలి. డికాక్షన్ గిన్నె మూత చుట్టూ గోధుమపిండి అద్ది సన్న సెగ మీద దమ్ పెట్టాలి. పది గంటలకు మిసెస్ టాన్ రాగానే కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, ఆవిడ కళ్ళముందే మూత తీసి, మొదటి కప్పు ఆవిడ చేతికే ఇవ్వాలి. ఇందులో ఎవరి సలహాకూ చోటు లేదు. చోటు లేదని సలహాలు రాకుండా ఆగుతాయనుకోవడమే అతను చేసిన పొరపాటు.

మిసెస్ టాన్ వన్-నార్త్ అనే ఐటీ పేటలోని ఆ అద్దాల భవనానికి మేనేజరు. లిఫ్టుల పక్కన ఉన్న ఆ ఎనిమిది టేబుళ్ళ కొట్టును రహీంకు మూడు నెలల ట్రయల్ మీద ఇచ్చింది ఆవిడే. ఆ గడువు ఇవాళ్టితో సరి. టీ రుచి చూసి, జనం వస్తున్నారో లేదో కళ్ళారా చూసి, నచ్చితే రెండేళ్ళకు సంతకం పెడుతుంది. నచ్చకపోతే ఆ చోటు మీద ఎప్పటినుంచో కన్నేసిన బబుల్ టీ వాళ్ళకు ఇచ్చేస్తుంది.

రహీంకు యాభై నిండాయి. అందులో ఇరవై ఏళ్ళు జురాంగ్ ఐలాండ్‌లో పెట్రోలు శుద్ధి చేసే ప్లాంటులోనే గడిచిపోయాయి. అగ్గిపుల్ల గీస్తే నేరమయ్యే ఆ దీవిలో, ఫ్లాస్కులో చల్లారిన టీ తాగుతూ, ఎప్పటికైనా తన సొంత పొయ్యి వెలిగించుకుని అసలు సిసలు దమ్ చాయ్ కాయాలని కలలు కన్నాడు. చివరికి ఉద్యోగం మానేసి, భార్య పేరు మీద ‘బానో టీ రూమ్’ తెరిచాడు. ఐటీ మంచి జోరు మీదున్న రోజులవి. నెలకో కంపెనీ ఆ భవనంలోకి దిగుతోంది. మెడలో బ్యాడ్జి పడిన ప్రతివాడూ తనకు టీ కొట్టు నడపడం కూడా వచ్చేసిందనుకుంటున్నాడు.

వీళ్ళందరికంటే రహీం భయపడేది బావమరిది ఫరాజ్‌కి. ఫరాజ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పే కోచింగ్ సెంటర్ నడుపుతున్నాడు. వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

“చాయ్ ఎన్ని రోజులు అమ్ముతరు దూల్హేభాయ్? దునియా మొత్తం టెస్టింగే చేస్తున్నది. సోమవారం కొత్త బ్యాచ్. మొదటి బెంచీల మీకు సీటు ఆపి పెట్టిన. ఎవ్వరడిగినా ఇయ్య.”

ఇరవై రెండేళ్ళ పిల్లల మధ్య కూర్చుని, బావమరిది అడిగే ప్రశ్నలకు చెయ్యెత్తి జవాబు చెప్పడం తలుచుకుంటేనే రహీంకు ముచ్చెమటలు పోసేవి. టీ రూమ్ మూతపడితే వెళ్ళక తప్పదు. ఆ మాట అతను ఇదివరకే ఇచ్చేశాడు.

అతని భార్య షహర్ బానో మామూలుగా దక్ఖనీ ఉర్దూలో మాట్లాడుతుంది. కోపమో కంగారో వస్తే తెలుగులోకి దిగుతుంది. ఆ ఉదయం నిద్ర లేచినప్పటి నుంచీ తెలుగులోనే ఉంది.

“టాన్ మేడమ్ వద్దంటే ఏం చేస్తం జీ?”

“అనదు.”

“అంటే?”

“అంటే సోమవారం పలకా బలపం పట్టుకొని నీ తమ్ముని దగ్గరికి పోత. ఆ పాలు జర కలపరాదు, అడుగంటుతున్నయ్.”

దమ్ పెట్టిన కాసేపటికే పరంధామయ్య దిగాడు. ఆయనది రహీం ఉండే బ్లాకే. తువాస్ షిప్‌యార్డులో సూపర్‌వైజరుగా రిటైరయ్యాడు. సలహా అడిగితే ఇవ్వడం ఆయనకు చేతకాదు, అడగకముందే ఇచ్చేస్తాడు.

“ఏవోయ్ రహీమూ, ఇయ్యాలేగా ఆవిడొచ్చేది? కొట్టు ఇలా బోసిగా ఉంటే ఎలాగయ్యా? ఈ ఊళ్ళో ఖాళీ కొట్లో ఎవడూ అడుగెట్టడు. పదిమంది ఉన్నట్టు కనపడాలి. ఇంతకీ ఆ గిన్నెలో ఏం ఉడుకుతోంది? ఓసారి మూత తియ్యి, చూద్దాం.”

“వద్దు అంకుల్, మూత తీస్తే దమ్ పోతది,” అంటూ రహీం గిన్నెకు అడ్డంగా నిలబడ్డాడు. పాలు పొంగుతున్నాయని బానో కేకేస్తే అటు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి పరంధామయ్య లేడు. కిటికీ పక్క టేబుల్ మీదా, గుమ్మం దగ్గర టేబుల్ మీదా రెండు టిష్యూ ప్యాకెట్లు ఉన్నాయి.

ఈ ఊళ్ళో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తే ఆ చోటు ‘చోప్’ చేసినట్టు. మనవైపు బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకున్నట్టే. కాకపోతే మనదగ్గర ఆ రుమాలు తీసి పక్కన పెట్టి కూర్చునే మొనగాళ్ళుంటారు, ఇక్కడ ఉండరు. కొట్టు తెరిచిన మొదటి వారంలో రహీం టేబుల్ తుడుస్తూ, సగం వాడేసిన టిష్యూ ప్యాకెట్ ఒకటి కనిపిస్తే చెత్త అనుకుని పారేశాడు. అది పై అంతస్తు ల్యాబులో పనిచేసే ఒకావిడది. ఆవిడ తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరున్నారు. ఫిర్యాదు వెళ్ళింది. మిసెస్ టాన్ స్వయంగా వచ్చి వేలు చూపించి మరీ చెప్పింది: “టిష్యూ ఉంటే మనిషి ఉన్నట్టే, మిస్టర్ రహీం. ఇంకోసారి ముట్టుకోవద్దు లా!” మాట చివర ‘లా’ తగిలించడం ఈ ఊరివాళ్ళ అలవాటు. అప్పటినుంచి టిష్యూ కనపడితే చాలు, రహీం దాని చుట్టూ తుడిచి వదిలేస్తున్నాడు.

అందుకని ఆ రెండు ప్యాకెట్లు చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇంత పొద్దున్నే ఎవరో కస్టమర్లు చోటు ఆపుకుని వెళ్ళారు! పాపం, అవి పరంధామయ్య జేబులోంచి వచ్చాయన్న అనుమానమైనా రాలేదు.

ఇంకాసేపటికి పరంధామయ్య భార్య భ్రమరాంబ వచ్చింది. ఆవిడకూ అదే ఆలోచన వచ్చింది గానీ, ముందే చెబితే ఆయన ఆ ఘనత తనదంటాడని మొగుడికి చెప్పకుండా బయల్దేరింది. “బానూ, ఆ పాలల్లో రవ్వంత యాలక్కాయ పొడి వెయ్యమ్మా, చెప్తే వినవు గదా,” అంటూ కొట్టంతా ఓ చుట్టు తిరిగి వెళ్ళిపోయింది. ఆవిడ తిరిగిన దారిలో మరో రెండు టేబుళ్ళ మీద టిష్యూలు, ఓ కుర్చీకి గొడుగూ వెలిశాయి.

ఎనిమిదో అంతస్తులో ప్రాజెక్టు లీడరు అనిల్‌కుమార్ ఆఫీసుకు పోతూ తల లోపలికి పెట్టాడు.

“అంకుల్, టెన్షన్ పడకండి. ఫుట్‌ఫాల్, అదే, జనం వచ్చే సంగతి నాకొదిలెయ్యండి. మా తెలుగు గ్రూపు మొత్తానికి మెయిల్ పెట్టేశా.”

“ఏమని పెట్టినవ్ బాబూ?”

“పదింటికి అందరూ టీకి రావాలని. మీరు టీ సంగతి చూడండి, చాలు.”

మెయిల్‌లో ఇంకో వాక్యం ఉన్న సంగతి అతను చెప్పలేదు. సీట్లు చాలవేమో, ముందే వెళ్ళి తలా ఓ టిష్యూ పెట్టుకోండని అందులో ఉంది. తొమ్మిది దాటాక బ్యాడ్జీలవాళ్ళు ఒక్కొక్కరే రావడం, టిష్యూ పెట్టి చిరునవ్వు నవ్వి వెళ్ళిపోవడం మొదలైంది. రహీం ప్రతి ఒక్కరికీ సలాం చేశాడు. తొమ్మిదిన్నరకు ఖాళీ కుర్చీ అన్నది లేదు. మనిషన్నవాడూ లేడు.

సరిగ్గా అప్పుడే రోజూ వచ్చే ల్యాబువాళ్ళు వచ్చారు. టేబుళ్ళకేసి చూశారు, “ఫుల్ లా,” అనుకుని వెనక్కి తిరిగారు. రహీం వాళ్ళ వెంట గుమ్మందాకా పరుగెత్తాడు. పార్సిల్ ఇద్దామంటే కొట్లో కాగితం కప్పులు లేవు. దమ్ చాయ్‌ని కాగితంలో పొయ్యడం ఆ చాయ్‌కే అవమానమని మూడు నెలలుగా వాదిస్తున్నది అతనే.

“ఆ టిష్యూలు తీసి అవతల పడెయ్ జీ!” అంది బానో.

“ఎట్ల తీస్త? ఎవరిదేదో ఏమెరుక? ఒక్కదానికే మొన్న అంత లొల్లి అయింది.”

“మరి మేడమ్‌ను ఏడ కూసోబెడ్తవ్? నీ నెత్తి మీదనా?”

దానికి జవాబు దొరక్కముందే మిసెస్ టాన్ వచ్చేసింది. గుమ్మంలో నిలబడి ఒక్కో టేబులే చూసుకుంటూ వచ్చింది. ఆవిడ కనుబొమలు పైకి వెళ్ళాయి.

“మిస్టర్ రహీం, ఇది ఖాళీయా, ఫుల్లా?”

“ఫుల్లే మేడమ్. మనుషులే లేరు.”

బానో చరచరా వెళ్ళి కిటికీ పక్క టేబుల్ మీది ప్యాకెట్‌కు చెయ్యి చాపింది. “నో, నో! చోప్ చేసి ఉంది!” అని మిసెస్ టాన్ గట్టిగా అరిచింది. “నేను బయట వెయిట్ చేస్తాను. రూల్ అందరికీ ఒకటే.” గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడి గడియారం చూసుకుంది.

రహీం ఫోన్ మోగింది. అనిల్‌కుమార్.

“అంకుల్, సారీ! ప్రొడక్షన్ సర్వర్ పడిపోయింది. మావాళ్ళు ఒక్కడు కూడా సీట్లోంచి లేవడానికి లేదు. మా టిష్యూలు మాత్రం తియ్యకండి, ప్లీజ్, వచ్చేస్తాం!”

రహీం టేబుళ్ళకేసి చూశాడు. అంటే ఇవి తమంతట తాము వచ్చిన కస్టమర్ల టిష్యూలు కావు! ఇంతలో గుమ్మం బయట ఇంకో వింత మొదలైంది. లిఫ్టు కోసం వచ్చిన ఒకాయన, మిసెస్ టాన్ నిలబడి ఉండటం చూసి ఆవిడ వెనక నిలబడ్డాడు. ఆయన వెనక ఇద్దరు. వాళ్ళ వెనక నలుగురు. ఈ ఊళ్ళో లైను కనిపిస్తే ముందు అందులో నిలబడి, అది దేనికన్నది తీరిగ్గా తెలుసుకుంటారు. చూస్తూ ఉండగానే లైను లిఫ్టులు దాటి, మలుపు తిరిగి, ఫైర్ ఎగ్జిట్ తలుపుకు అడ్డంగా వెళ్ళిపోయింది.

పదింటికి కస్టమర్లలా నటిద్దామని పరంధామయ్య ఒకవైపు నుంచీ, భ్రమరాంబ ఇంకోవైపు నుంచీ వచ్చారు. లైను దాటి లోపలికి వెళ్ళే ధైర్యం ఇద్దరికీ లేక చివర్న చేరారు. అక్కడ ఒకరినొకరు చూసుకున్నారు.

“నువ్వెందుకొచ్చావే?”

“మీరెందుకొచ్చినారు?”

సంగతి తేలిపోయాక పరంధామయ్య చివరినుంచే తెలుగులో కేకపెట్టాడు. “రహీమూ! కిటికీ పక్కదీ, గుమ్మం దగ్గరదీ మావేనయ్యా! ఆ గొడుగు మా ఆవిడది! పారెయ్యకు!”

రహీంకు లెక్క తేలింది. ఎనిమిది టేబుళ్ళూ తనవాళ్ళవే. నిజం చెప్పి వాటిని ఖాళీ చేయించొచ్చు. చెబితే, జనం ఉన్నట్టు నాటకమాడాడని మిసెస్ టాన్ ఈ పూటే షట్టరు దింపిస్తుంది. చెప్పకపోతే నిలబడి నిలబడి విసిగి ఆవిడే వెళ్ళిపోతుంది. ఏదైనా సోమవారం మొదటి బెంచీయే. పైగా పొయ్యి మీద డికాక్షన్ దమ్ ఎప్పుడో దాటిపోయింది. ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన పొయ్యి మీద తన టీ తన కళ్ళముందే పాడైపోతుంటే అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు వచ్చాడు సెక్యూరిటీ గార్డు. కొత్తగా చేరినవాడు, మంచి ఊపు మీదున్నాడు. ఫైర్ ఎగ్జిట్ మూసుకుపోయిందని అతనికి ఫిర్యాదు వెళ్ళింది.

“ఈ లైను ఎవరిది?” అని చివరివాళ్ళను అడిగాడు. వాళ్ళు ముందుకు చూపించారు. ముందువాళ్ళు ఇంకా ముందుకు చూపించారు. అలా చూపిస్తూ చూపిస్తూ వేళ్ళన్నీ మిసెస్ టాన్ దగ్గర ఆగాయి.

“మేడమ్, ఈ లైను మొదలుపెట్టింది మీరేనా? పేరు చెప్పండి. రిపోర్టు రాయాలి.”

“నేను ఈ బిల్డింగ్ మేనేజర్‌ని!”

“సరే లా. పేరు?”

మిసెస్ టాన్ ముఖం ఎర్రబడింది. తన భవనంలో, తను పెట్టిన రూలు పాటిస్తూ, తనే ఫైర్ ఎగ్జిట్‌కు అడ్డం నిలబడినట్టు కాగితం మీదకు ఎక్కబోతోంది. ఆవిడ ఇంకొక్క మాట మాట్లాడలేదు. దూసుకుంటూ లోపలికొచ్చి, భ్రమరాంబ గొడుగు తెరిచి తలకిందులుగా పట్టుకుని, టేబుళ్ళ మీది టిష్యూలన్నీ చేత్తో ఊడ్చి అందులో పోసేసింది.

“లైన్లో ఉన్నవాళ్ళందరూ లోపలికి! కూర్చోండి! ఫాస్ట్!”

మేనేజరు గద్దించాక ఎవరాగుతారు? కుర్చీలు నిండాయి, ఫైర్ ఎగ్జిట్ తలుపు బయటపడింది, గార్డు రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిసెస్ టాన్ కిటికీ పక్కన కూర్చుని ఆయాసపడుతూ వేలెత్తింది. “ఒక టీ.”

రహీం పిండి పగలగొట్టి మూత తీశాడు. లోపల డికాక్షన్ తారులా ఉంది.

“పాడైంది బానో. ఇది ఆమెకియ్యలేను.”

“ఉన్నదే కప్పుల పొయ్యి! ఇంకోటి కాసేదాక ఆమె ఉంటదా?” అంది బానో. కప్పు అతని చేతికిచ్చి, తనే పాలు వంచింది.

మిసెస్ టాన్ ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది. రహీం కళ్ళు కూడా వాటంతటవే మూసుకున్నాయి.

“గావ్!” అంది ఆవిడ. “వెరీ గావ్!”

చిక్కగా నాలుక పట్టేసే టీని ఈ ఊరివాళ్ళు ‘గావ్’ అంటారు. వాళ్ళ దృష్టిలో టీకి అంతకు మించిన మెప్పు లేదు. ఆవిడ కప్పు ఖాళీ చేసి రెండోది అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళూ అడిగారు. రెండేళ్ళ ఒప్పందం బ్యాగులోంచి తీసి, సాసరు పక్కకు జరిపి, సంతకం పెట్టేసింది.

“ఇన్నాళ్ళూ ఇంత పల్చగా ఎందుకు చేశావు? రోజూ ఇలాగే చెయ్యి. రవ్వంత కూడా మార్చకు.”

దమ్ దాటిన టీ రెండేళ్ళపాటు కాయడానికి రహీం తలూపి ఒప్పుకున్నాడు. బానో కొంగుతో కళ్ళు తుడుచుకుని, “ముబారక్ హో జీ,” అంది. ఆ రోజు ఆవిడ నోట వచ్చిన మొదటి దక్ఖనీ మాట అది. అది విన్నాకే రహీంకు నమ్మకం కుదిరింది.

“నే చెప్పలా?” అన్నాడు పరంధామయ్య, గొడుగు వెతుక్కుంటూ. ఆ ఆలోచన తనదని భ్రమరాంబ అడ్డుపడింది. ఇద్దరికీ రహీం ఉచితంగా టీ ఇచ్చాడు, వాళ్ళ నోళ్ళు కాసేపు పనిలో ఉంటాయని.

జుమ్మా నమాజు అయ్యాక ఫరాజ్ వచ్చాడు. సంతకం సంగతి అతనికింకా తెలియదు.

“దూల్హేభాయ్, సోమవారం పొద్దుగాలనే రావాలె. ఎంతమంది అడిగిన్రో తెలుసా? మీ సీటు నేనెవ్వరికీ ఇయ్యలే.”

రహీం లోపలికెళ్ళి, మిగిలిపోయిన టిష్యూల్లోంచి ఒక ప్యాకెట్ ఏరి తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

“ఇదెందుకు?”

“ఆ సీటు మీద పెట్టు. నేనొచ్చేదాక ఉండనీ.”

ఆ తర్వాత ఎన్నో బ్యాచ్‌లు వచ్చి వెళ్ళాయి గానీ, ఫరాజ్ సెంటర్‌లో మొదటి బెంచీలో ఆ సీటు మాత్రం ఇప్పటికీ ఖాళీగానే ఉందట.