ఇంటర్‌కూలర్, ఇంటి కూలర్

రాజమల్లు ఏనాడూ భార్యతో అబద్ధం చెప్పలేదు. అంత చురుకుదనం అతనికి లేదు. అతను ఒక అబద్ధం అల్లుకునే లోపల వజ్రమ్మ నిజం కనుక్కుని, తిట్టడం కూడా ముగించి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది.

అందుకే ఆ గురువారం అతను నిజమే చెప్పాడు.

ముంబై కామాటిపురా పదకొండో గల్లీలో, అక్కడివాళ్లు మాళా అనే రెండో అంతస్తు మీద, రేకుల కప్పు కింద వాళ్ల ఒంటిగది ఖోలీ. మే నెల. ఈ ఎండాకాలం కూలర్ తెస్తానని రాజమల్లు మూడు ఎండాకాలాలుగా అంటున్నాడు. ఆ సాయంత్రం గోనెపట్టాలో చుట్టిన అల్యూమినియం పెట్టె ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. దానికి జాలీలాంటి సన్నని రేకులు, అటూ ఇటూ రెండు గొట్టం మూతులు.

"ఏందయ్యా అది?"

"ఇంటర్‌కూలర్."

"ఇంటి కూలరా?"

రాజమల్లు కాదనలేదు. అతని పన్నాగం మొత్తం అంతే. ఆదివారం దాకా కాదనకుండా నెట్టుకొస్తే చాలు. ఆ పూట అతని కంచంలో రెండు కోడిగుడ్లు పడ్డాయి.

ఆదివారం సంగతి ఇదీ. గ్రాంట్ రోడ్ వెనక అతను పనిచేసే గ్యారేజీలో ఒక సేఠ్‌గారి ఎర్ర స్పోర్ట్స్ కారు ఉంది. దానికి పరదేశం నుంచి టర్బో తెప్పించారు. టర్బో ఇంజనులోకి గాలిని బలంగా ఊదుతుంది. ఊదిన గాలి వేడెక్కుతుంది కాబట్టి దారిలో చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ పెట్టాలి. ఎక్కడ పెట్టాలన్నదే రాజమల్లు ప్రాణం తీస్తోంది.

ఇంజను నెత్తిన పెడితే కూలర్ కాస్తా పెనం అయింది. బండి ముక్కు దగ్గర పెడితే చల్లగానే ఉంది గాని, వెనకెక్కడో ఉన్న టర్బో నుంచి గొట్టం బండంతా చుట్టి రావలసి వచ్చింది. ఆ గొట్టం నిండితే గాని బండి ఉరకదు. గ్రాంట్ రోడ్‌లో తొక్కిన వేగం మైలు అవతల భాయఖళాలో వచ్చేది.

"దీన్ని టర్బో లాగ్ అంటరు సేఠ్" అని చెప్పి చూశాడు రాజమల్లు.

"మా ఇంట్లో దీన్ని చేతగానితనం అంటారు" అన్నాడు సేఠ్ హిందీలో.

ఆదివారం పొద్దున వర్లీలో, సముద్రం పక్క రోడ్డు మీద పరీక్ష. లాగ్ పోకపోతే కారు తుకారాం గ్యారేజీకి వెళ్లిపోతుంది. పద్దెనిమిదేళ్లు టాక్సీల కింద పడుకుని గ్రీజు పూసిన రాజమల్లును మొదటిసారి నలుగురి చేత "మిస్త్రీ" అనిపించిన బండి అది. అది పోతే మళ్లీ టాక్సీల కిందికే. కళ్ల ముందు పెట్టుకుంటే ఉపాయం తడుతుందని కూలర్‌ను ఇంటికి తెచ్చాడు. తట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అటక మీద అతను పెట్టిన చోట గోనెపట్టా మాత్రమే ఉంది. ఇంటర్‌కూలర్ బయటి నడవా గ్యాలరీ వైపు కిటికీకి తీగతో కట్టి ఉంది, మీద తడి తువాలు. ఫ్యాన్ మాత్రం వంటమూల గూట్లోనే ఉంది, ఖోలీ మొత్తానికి ప్లగ్గు అక్కడొక్కటే. ఆ ఫ్యాన్ నుంచి ఈ కిటికీ దాకా రెండు లంగాలు కలిపి కుట్టిన గుడ్డ గొట్టం. బయట గ్యాలరీలో పక్కింటి రాములమ్మతో సహా తొమ్మిదిమంది ఆడవాళ్లు ఆ గాలి కోసం బారుగా కూర్చున్నారు.

వజ్రమ్మ స్విచ్చి వేసింది. ఏమీ జరగలేదు. లంగా ఒళ్లు విరుచుకుంటున్నట్టు మెల్లగా కదిలింది, ఉబ్బింది, ఇంకొంచెం ఉబ్బింది. అప్పుడు వచ్చింది గాలి.

"ఏందే గింత సేపు?" అంది రాములమ్మ.

"మా ఇంట్ల ఏదైనా గంతే. పిలిచినంక గంటకు లేస్తది" అంది వజ్రమ్మ, భర్త వైపు చూడకుండా.

రాజమల్లు ఆమెను లోపలికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. "వజ్రా, అది కారుది."

"ఎరుకే. దాని వీపు మీద సుద్దతోని కారు నంబరు రాసి ఉంది. మునిసిపాలిటీ బడిల ఏడు దాకా సదివిన."

"ఎరుకై గుడ ఎందుకు బిగించినవే?"

"మూడేండ్లు నువ్వు నన్ను మోసం జేసినవు. మూడు దినాలు నేను మోసపోయినట్టు ఉంటె నీకేం నొప్పి?"

"అది బండిల పడకుంటె నేను మళ్ల టాక్సీల కింద పండాలె."

"పండు. టాక్సీ కింద నీడన్న ఉంటది."

శనివారం పొద్దున వజ్రమ్మ కింద నీళ్ల నళ్ దగ్గరికి వెళ్లగానే రాజమల్లు స్టూలెక్కి తీగ విప్పాడు. "వజ్రక్కా, మీ ఆయన మన కూలర్ తీస్తుండు" అని రాములమ్మ కేక. బిందెలు నిండకముందే ఆడవాళ్లందరూ పైకి వచ్చారు. వాళ్ల వెనకే, ఆ పొద్దున పనికి రాని మిస్త్రీని వెతుక్కుంటూ, రొప్పుతూ సేఠ్ వచ్చాడు.

స్టూలు మీద తన మిస్త్రీ, మిస్త్రీ చేతుల్లో తన ఇంటర్‌కూలర్, దానికి వేలాడుతూ రెండు లంగాలు. రెండో మాళా నుంచి దూకేద్దామనుకున్నాడు రాజమల్లు. తన అదృష్టానికి సరిగ్గా కింద సేఠ్ ఎక్కివచ్చిన కారు మీదే పడతానని ఆగిపోయాడు.

"గట్ల జూస్తరేంది సేఠ్" అంది వజ్రమ్మ, కొంత హిందీలో, కొంత తెలుగులో. "మొదలు పొయ్యి మీద కట్టిన, సెగ కొట్టింది. ఈడ కట్టిన, చల్లగుంది గాని లంగా ఉబ్బేదాక గాలి రాలె. ఇప్పుడు జూడుండ్రి."

ఆమె లంగాలు ఊడదీసింది. పక్కనున్న రాములమ్మ ఖోలీలోని ప్లగ్గు నుంచి వైరు లాగింది. ఫ్యాన్ తెచ్చి కూలర్ వీపుకు ఆనించి స్విచ్చి వేసింది. వేసీ వేయగానే సేఠ్ తల మీది నాలుగు వెంట్రుకలూ లేచాయి.

"కూలర్ చల్లటి జాగలనే ఉండాలె. ఊదేదాన్నే దగ్గరికి గుంజాలె."

సేఠ్ రాజమల్లు వైపు తిరిగాడు. "టర్బోనే ముందుకు జరపొచ్చని నీకెందుకు తట్టలేదు?"

రాజమల్లు దగ్గర జవాబు ఉంది. అది నోటిదాకా వచ్చేసరికి సేఠ్ మెట్లు దిగిపోయాడు. ఇంటర్‌కూలర్ మాత్రం దిగలేదు. దాని జాగలో అసలు కూలర్ వచ్చేదాకా వజ్రమ్మ దాన్ని వదలలేదు. మధ్యాహ్నానికల్లా సేఠ్ పంపగా వచ్చింది.

ఆ మిగతా పగలూ సాయంత్రమూ కష్టపడి టర్బోను కూలర్ పక్కకు తెచ్చారు. ఆదివారం వర్లీలో సేఠ్ తొక్కడమేమిటి, బండి ఉరకడమేమిటి. పక్కన కూర్చున్న రాజమల్లు టోపీ సముద్రంలోకి పోయింది. "కారు నీ దగ్గరే ఉంటుంది" అన్నాడు సేఠ్. రాజమల్లు ఉత్త నెత్తితో ఇంటికి పరుగెత్తాడు.

"వజ్రా, బండి నాకాడనే ఉంటది."

"మంచిది. గాలికడ్డం నిలబడ్డవు, జరుగు."

సోమవారం పొద్దున్నే సేఠ్ డ్రైవర్ నారాయణ గుమ్మంలోకి వచ్చాడు. అతనిదీ ఆ తెలుగు గల్లీయే. "సేఠ్ కొత్త సైలెన్సర్ తెప్పించిండు. ఏడ బిగియ్యాలెనో అడిగి రమ్మన్నడు."

రాజమల్లు లేచాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, గుండీలు పెట్టుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు కూసో అన్నా" అన్నాడు నారాయణ, లోపలికి తొంగి చూస్తూ. "వదిన లేదా?"