జీపులో ఎర్రటి ధార

ఆ ఉదయం తిరువూరులో ల్యాబు టెక్నీషియన్ లిడియా వేసుకున్న పథకం చాలా చిన్నది. పెనుగొలను శౌరయ్య కళ్లెను విజయవాడ పెద్ద ల్యాబులో అప్పగించి, భోజనం వేళకు ఇంటికి రావడం. శౌరయ్యకు టీబీ మందులు పనిచేయడం లేదు. ఏ మందు వాడాలో ఆ ల్యాబువాళ్లే తేల్చాలి. కిందటిసారి పంపిన సీసా దారిలో కారిందని వాళ్లు పరీక్ష చేయకుండానే పారేశారు. పాపం, ఆ మనిషి కూలి మానుకుని మళ్లీ వచ్చి, నెత్తుటి జీరలు పడేలా దగ్గి ఇచ్చి వెళ్లాడు.

అందుకే ఈసారి లిడియా నిబంధనల్లో ఒక్కటీ వదల్లేదు. సీసా మూత బిగించి, చుట్టూ దూది కుక్కి, చుక్క బయటికి రాని డబ్బాలో దించింది. ఆ డబ్బాను ఐసు ప్యాకెట్లతో సహా గట్టి అట్టపెట్టెలో పెట్టింది. దాని మీద అంటురోగ హెచ్చరిక బొమ్మ ఉంది.

"జోజిబాబు గారూ, ఈ జీపులో తినే వస్తువేదీ ఎక్కించకూడదు," అని డ్రైవరుకు గట్టిగా చెప్పింది.

"అయ్యో, ఎందుకెక్కిస్తాం మేడం!" అన్నాడు జోజిబాబు.

రెడ్డిగూడెం మలుపులో అతని అత్తగారు రిబ్కమ్మ బరువైన సంచితో నిలబడి ఉంది. బెజవాడలో చిన్నకూతురింటికట. కాదనడానికి లిడియాకు నోరు రాలేదు.

"సంచిలో ఏంటి పిన్నిగారూ?"

"బట్టలమ్మాయ్," అందామె అల్లుడి వైపు చూస్తూ.

మైలవరం దాటాక స్పీడ్ బ్రేకరు మీద జీపు ఎగిరిపడింది. కాసేపటికి అట్టపెట్టె పక్కనుంచి ఎర్రటి ధార బయల్దేరింది. లిడియా డ్రైవరు భుజం గట్టిగా తట్టింది.

"ఆపండి! ఎవరూ ఏదీ ముట్టుకోకండి!"

అందరినీ దింపింది. ముగ్గురి మొహాలకూ మాస్కులు బిగించింది. గ్లౌజులు తొడుక్కుని, ధార మీద గుడ్డ పరిచి బ్లీచింగ్ నీళ్లు గుమ్మరించింది. ఆగిన మొదటి బండివాడు "ఏదో జబ్బంట" అన్నాడు. వెనకవాడికి అది కొత్త వైరస్సయింది. చివరి ఆటోకు చేరేసరికి బాంబయింది. రోడ్డు రెండువైపులా బండ్లు నిలిచిపోయాయి.

శౌరయ్యకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అని లిడియా కుమిలిపోతుంటే, ఓ లారీ డ్రైవరు దగ్గరకొచ్చి గాలి పీల్చాడు.

"ఏంటమ్మా, బంగారం లాంటి ఆవకాయ మీద బ్లీచింగ్ పోస్తున్నారు?"

రిబ్కమ్మ మాస్కు పీకేసి వాసన చూసింది. "ఓరి దేవుడా, నా జాడీ!"

"బట్టలన్నారుగా పిన్నిగారూ!"

"బట్టల్లోనే చుట్టానమ్మా. అల్లుడే అలా చెప్పమన్నాడు."

అల్లుడికి ఉన్నట్టుండి టైర్లలో గాలి చూడాలనిపించింది.

లిడియా పెట్టె తెరిచింది. లోపలి డబ్బా పొడిగా, చల్లగా ఉంది. తిట్టాలనుకున్న మనిషి రోడ్డు పక్కన కూలబడి ఏడ్చేసింది. ఆ ఏడుపు చూసి రిబ్కమ్మ పగిలిన జాడీ సంగతి మరిచిపోయి, కొంగుతో ఆమె కళ్లు తుడిచింది. సంచిలో మిగిలిన రెండో జాడీని లిడియా తనే దూది చుట్టి, కవరులో బిగించి, అదనంగా తెచ్చుకున్న అట్టపెట్టెలో సర్దింది. దాని మీదున్న హెచ్చరిక బొమ్మ చింపబోతే రిబ్కమ్మ ఆపింది.

"ఉండనీ అమ్మాయ్, అందంగా ఉంది."

విజయవాడ ల్యాబు ఈసారి సీసాను మారుమాట లేకుండా తీసుకుంది. లిడియా వెంటనే ఫోను చేసింది.

"శౌరయ్య గారూ, మీరు మళ్లీ రానక్కర్లేదు."

"నీ కడుపు చల్లగుండ తల్లీ," అన్నాడాయన.

వారం తిరక్కుండా రిబ్కమ్మ కబురు పెట్టింది. ఈ ఏడాది చిన్నకూతురి ఇరుగుపొరుగు ఎవరూ ఆవకాయ అడగలేదట, వచ్చే వేసవికి ఆ బొమ్మ పెట్టెలు ఇంకో రెండు కావాలట.