స్టమాతియా ఛీత్కారం

శనివారం పొద్దున లెఫ్తేరిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మను కారెక్కించాలి, మైదానానికి తీసుకెళ్ళాలి, కంచె పక్కన కుర్చీలో కూర్చోబెట్టాలి, ఆట అయ్యేదాకా ఆమె నోరు తెరవకుండా చూడాలి. మొదటి మూడూ సులువే. ఆ రోజు ఆడవాళ్ళ ఫుటీ, అంటే ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్, ఫైనల్. మెల్‌బోర్న్‌లోని ఆ చిన్న క్లబ్బు ఫైనల్ మొహం చూడడం అదే మొదటిసారి. జట్టుకు మేనేజరు లెఫ్తేరిస్, జట్టుకు ప్రాణం అతని కూతురు పోలిక్సేని.

"అమ్మా, ఒట్టు వెయ్యి. అక్కడ ఛీ అనకూడదు, థూ అనకూడదు."

"పిల్లకి దిష్టి తగిలితేనో?" అంది స్టమాతియా, నువ్వుల బిస్కెట్ల డబ్బా ఒళ్ళోకి లాక్కుని.

"తగలదు."

"నీకు తగలబట్టే ముప్పై ఏళ్ళకి బట్టతల వచ్చింది. మీ పెళ్ళిలో అందరూ నీ జుట్టు మెచ్చుకుంటుంటే వంటల గొడవలో పడి ఒక్క పూట ఏమరిచాను."

గ్రీకు ముసలమ్మల లెక్క అది. ముద్దొచ్చిన దాన్ని మెచ్చుకుని ఊరుకుంటే కన్ను తగులుతుంది. కాబట్టి ఎంత ముద్దొస్తే అంత అసహ్యించుకోవాలి, ఉమ్మినట్టు ముమ్మారు "ఫ్తూ" అనాలి. అందులోనూ నీలికళ్ళ వాళ్ళ మెప్పు మహా చెడ్డది. ఆ మైదానం చుట్టూ చూస్తే సగానికి సగం నీలికళ్ళే. అయినా స్టమాతియా కొడుకు మీద జాలిపడి ఒట్టు వేసింది.

ఆ ఒట్టు ఆరు నిమిషాలు నిలిచింది. పోలిక్సేని ముగ్గురిని తప్పించుకుని, జారుతూనే బంతిని తన్ని, గోలు కొట్టింది. కంచె వెంట జనం ఎగిరి గంతేశారు. పక్క కుర్చీలో ఉన్న మోరీన్, క్లబ్బు క్యాంటీన్ చూసుకునే ఆవిడ, తన నీలికళ్ళు రెండూ పెద్దవి చేసుకుని, "ఎంత చక్కటి పిల్ల! బంగారు బొమ్మే!" అంది.

స్టమాతియా ఇక ఆగలేదు. కంచె పట్టుకుని లేచి అరిచింది. "ఛీ! వికారపు మొహమా! నిన్ను చూస్తే డోకొస్తోందే! ఫ్తూ! ఫ్తూ! ఫ్తూ!"

పోలిక్సేని నవ్వి, నానమ్మకు గాల్లో ముద్దు విసిరి పరిగెత్తింది. ఆ ముద్దు మోరీన్ చూడలేదు. ఆమెకు వినిపించింది సొంత నానమ్మ నోటి నుంచి వచ్చిన తిట్టొక్కటే. పాపం, పిల్ల మనసు ఎంత నొచ్చుకుందోనని ఆమె కూడా లేచి నిలబడింది. "నువ్వు చాలా అందంగా ఉన్నావమ్మా! ఆ మాటలు పట్టించుకోకు!" అంటూ చుట్టూ ఉన్న వాళ్ళను కూడా కేకేసింది. "అందరూ ఆ పిల్లని మెచ్చుకోండి!"

అందరూ మెచ్చుకున్నారు. ఇక స్టమాతియాకు ఊపిరి తీసుకునే తీరిక దొరకలేదు. పొడుగు జుట్టని ఒకరంటే "ఎలుక తోక!" అని ఈవిడ. సింహంలా ఉందని ఒకరంటే "కుళ్ళిన చేప! యాక్! ఫ్తూ!" అని ఈవిడ. వాళ్ళు జోరు పెంచిన కొద్దీ ఈవిడా జోరు పెంచింది. పోలిక్సేనిని నీడలా అంటిపెట్టుకుని తిరుగుతున్న అవతలి జట్టు అమ్మాయి బ్రాంటీ, అవన్నీ తనకే అనుకుని, కళ్ళనీళ్ళతో అంపైర్ దగ్గరికి వెళ్ళింది.

అంపైర్ డన్‌స్టన్ విజిల్ ఊది కంచె దగ్గరికి వచ్చాడు. "ఉమ్మడం మా దగ్గర చాలా పెద్ద తప్పు, అమ్మగారూ!"

"తడి లేదు సార్, ఉత్త శబ్దమే," అంటూ లెఫ్తేరిస్ అడ్డం వచ్చాడు. "అది ప్రేమండీ."

"డోకొస్తోందనడం ప్రేమా?"

"నన్ను కూడా ఇలాగే పెంచింది సార్."

మోరీన్ అతని భుజం మీద చెయ్యి వేసింది. "చిన్నప్పట్నుంచీనా?" అని అడిగింది జాలిగా.

"ఇంకొక్క చెడ్డమాట వినిపించిందో, ఆట ఆపేసి కప్పు వాళ్ళ చేతిలో పెడతాను," అని చెప్పి డన్‌స్టన్ వెళ్ళిపోయాడు. స్టమాతియా తలగుడ్డ కొసను నోట్లో కుక్కుకుని కూర్చుంది. కాపలా లేని ఇల్లయిపోయింది పోలిక్సేని. జనం మెచ్చుకుంటూనే ఉన్నారు, ఆమె కాలు తడబడుతూనే ఉంది. కొట్టిన బంతల్లా గురి తప్పింది. కొండంత ఆధిక్యం కరిగి కరిగి చివరికి ఒక్క పాయింటు మిగిలింది.

అప్పుడు, ఆట ముగిసిందని చెప్పే సైరన్ సరిగ్గా మోగబోయే ముందు, బ్రాంటీ గోలు ఎదురుగా బంతి పట్టుకుంది. సైరన్ మోగింది. అలా బంతి పట్టిన వాళ్ళకి సైరన్ తర్వాత కూడా ఒక తన్ను ఇస్తారు, ఇక ఆ ఒక్క తన్నే బాకీ. లోపలికి వెళ్తే కప్పు వాళ్ళది. అంత దగ్గర నుంచి స్టమాతియా అయినా కొట్టగలదు. లెఫ్తేరిస్ గడ్డి మీద కూలబడ్డాడు.

స్టమాతియా నోట్లోంచి గుడ్డ తీసి, "అంపైరు బాబూ, మంచిమాట అయితే అనొచ్చా?" అని కేకేసింది.

"దానికేం అడ్డు? ఎన్నయినా అనండి!"

"అమ్మా, వద్దు," అన్నాడు లెఫ్తేరిస్. ఈ నలభై ఆరేళ్ళలో ఆమె ఎవరినీ పొగడగా అతను వినలేదు.

"ఓ బంగారు తల్లీ!" అంది స్టమాతియా, తేనె ఒలికే గొంతుతో. "ఎంత అందమే నీది! ఏం కళ్ళు, ఏం కాళ్ళు! ఆ పిక్కలు చూడు, పాలరాతితో చెక్కినట్టు! నిన్ను కన్న తల్లి కడుపు చల్లగుండ!"

ఫ్తూ అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు.

పొద్దుటి నుంచీ తిట్లు తిన్న బ్రాంటీ మొహం విప్పారింది. సిగ్గుతో తల ఊపి, నాలుగడుగులు పరిగెత్తి, తన్నింది. బంతి పక్కకు కోసుకుపోయి, ఆ ఆటలో గోలుకుండే నాలుగు గుంజలకూ బయటగా పోయి, క్యాంటీన్ రేకుల మీద దబ్బున పడింది.

గెలిచారు! లెఫ్తేరిస్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు. పోలిక్సేని పరిగెత్తుకొచ్చి నానమ్మను కుర్చీతో సహా ఎత్తేసింది.

కప్పు ఇచ్చాక డన్‌స్టన్ మైకు అందుకున్నాడు. కప్పు చేజారిపోయే క్షణంలో కూడా ఎదుటి జట్టు పిల్లను నోరారా మెచ్చుకున్న పెద్దావిడను తన ఇరవై ఏళ్ళ అనుభవంలో చూడలేదన్నాడు. ఆ ఏటి ఉత్తమ ప్రేక్షకురాలి పతకం ఆమె మెడలో వేశాడు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది బ్రాంటీ.

"అమ్మగారూ, పొద్దుటి నుంచీ అందరూ నన్ను తిట్టేవాళ్ళే," అన్నాడు ఆయన మైకు పక్కన పెట్టి. "నా గురించి కూడా రెండు మంచిమాటలు చెప్పకూడదూ?"

స్టమాతియా ఆయన్ను తల నుంచి కాళ్ళ దాకా తీరిగ్గా చూసి, మనసారా మెచ్చుకుంది.