నూరువరహాల క్రాపు

చెల్లెలిని చూడటానికి కల్లూరు వెళ్తూ ప్రమీలారాణి, దమ్మపేటలోని ఇంటినీ వాకిట్లోని నూరువరహాల చెట్టునూ భర్త వెంకటరామారావుకు అప్పజెప్పింది. ఇంటి గురించి పెద్దగా ఏమీ చెప్పలేదు. చెట్టుకు మాత్రం నీళ్లు పోయాలని, కత్తెర పెట్టకూడదని గేటు దాకా వెళ్లి కూడా వెనక్కొచ్చి చెప్పింది. గుత్తులు గుత్తులుగా ఎర్రగా పూసే ఆ చెట్టును ఆమె ఏళ్ల తరబడి పెంచింది. దాన్ని చూడటానికే జనం ఆ వీధిన నడుస్తారని ఆమె నమ్మకం.

ఆమె తిరిగొచ్చే రోజు పొద్దున వెంకటరామారావు పెట్టుకున్న పని చిన్నదే. గేటుకు తగులుతున్న కొమ్మ ఒకటి తీసేయాలి. తీశాడు. ఎడమవైపు బోసిగా కనిపించింది. కుడివైపు సమానం చేశాడు. ఇప్పుడు పైన పొడవైంది. పైన తగ్గించేసరికి ఎడమవైపు మళ్లీ ఎక్కువైంది. అలా అన్నివైపులా న్యాయం చేసుకుంటూ పోగా, కాఫీ చల్లారేలోపు చెట్టు మోకాలెత్తు మోడైంది. భార్య గుర్తొచ్చింది అప్పుడే.

కొమ్మల్ని ముక్కలు చేసి గోనెసంచుల్లో కుక్కి మూతులు కట్టేశాడు. ఆమె వచ్చేలోగా వాటిని వదిలించుకోవాలి. నాటుకోవడానికి ఎవరైనా పట్టుకెళ్తారని, పొద్దున నడకకు వెళ్లే మగవాళ్ల వాట్సాప్ గ్రూపు తెరిచి ఫోనుకు నోటితో చెప్పాడు: "నూరువరహాలు నరికేశాను. ముక్కలు సంచుల్లో కట్టి ఉంచాను. కావాల్సినవాళ్లు జల్దీ రండి. ఊరికే ఇస్తా."

కళ్లజోడు లేదు కాబట్టి ఫోను ఏం రాసిందో చూడలేదు. అది పూల సంగతి తెలియనిది. అడవి పక్క ఊరు కదా అనుకుందేమో, "నూరు వరాహాలు" అని రాసి పంపింది.

ఇంతలో ప్రమీలారాణి బస్సులోంచి ఫోన్ చేసింది. "చెట్టుకు నీళ్లు పోశారా?"

"చెట్టా... రాత్రి అడవిపందులొచ్చి తొక్కేసినయి, రాణీ."

"మీరు బయటికి రాకండి. ఫారెస్టోళ్లకు నేను చెప్తా," అంది ప్రమీలారాణి ముక్కు చీదుకుంటూ. ఆయనకు నిజంగానే బాధేసింది. అయినా నిజం చెప్పేంత బాధ వేయలేదు.

ముందుగా వచ్చినవాడు నడక గ్రూపులోని ముత్యాలు. చేతిలో పెద్ద మూతగిన్నె ఉంది.

"అన్నా, జర కొవ్వున్న ముక్కలు చూసి ఎయ్యి. అయినా ఒక్కనివే నూరు ఎట్ల నరికినవే?"

వెంకటరామారావుకు సంగతి అర్థమయ్యేలోపే గేటు ముందు జీపు ఆగింది. ఫారెస్టు బీట్ ఆఫీసర్ రామ్‌సింగ్ దిగి, నేలమీదున్న కత్తెరను ముందు చేతిలోకి తీసుకున్నాడు.

"మీ ఇంట్ల పందులు పడ్డయని మేడం ఫోన్ చేసింది. మీరేమో నరికినమని గ్రూపుల పెట్టిండ్రు. ఎవరో నాకు పంపిండ్రు. కేసైతది, తెల్వదా సార్?"

"అది పూలచెట్టయ్యా. నూరువరహాలు."

"చెట్టేది?"

వెంకటరామారావు మోడును చూపించాడు.

"దాన్ని పందులు తొక్కినయని మేడమే చెప్పింది గదా. మరి ఆ సంచులల్ల ఏంది?"

సంచి విప్పితే కేసు పోతుంది. విప్పబోయేసరికి ఆటోలోంచి ప్రమీలారాణి దిగింది. తిన్నగా వెళ్లి మోడు పక్కన కూలబడింది.

"ఈ పని చేసిన పందిని మాత్రం వదలొద్దయ్యా," అంది రామ్‌సింగ్‌తో, కళ్లు తుడుచుకుంటూ.

వెంకటరామారావు జీపు వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. జీపు కాస్త నయమనిపించింది. కానీ రామ్‌సింగ్ ఆగలేదు, సంచి మూతి తనే విప్పాడు. ఎర్రటి పూలగుత్తులు ఆమె ఒళ్లోకి జారాయి. ఆమె ఒక గుత్తిని తీసి, కొమ్మ తెగిన చోట వేలితో తడిమి, నెమ్మదిగా తలెత్తి భర్తను చూసింది.

ముత్యాలు గిన్నెకు మూతపెట్టి ఇంటిదారి పట్టాడు.

"అడవిల ఉన్నయే మా పరిధి, మేడం," అన్నాడు రామ్‌సింగ్. "ఇంట్ల ఉన్నయి మీ పరిధే."

జప్తు చేసిన కత్తెరను ఆమెకు అప్పజెప్పి జీపెక్కాడు.