తూర్పు బదిలీ

మండలాధ్యక్షుడి ఇంటి సింహద్వారం దక్షిణానికి ఉందని వాస్తు సిద్ధాంతి తేల్చడంతో, సోమవారం నుంచి ఎర్రవాగుపాలెంలో దిక్కులను పావు చుట్టు తిప్పారు. ద్వారం టేకుది, కదిపితే గోడ బీటలు వారుతుంది. దిక్కులకు ఆ ఇబ్బంది లేదు. ఇకపై ఆ ద్వారం చూసే వైపే తూర్పు. సూర్యుడు పొడిచే వైపు ఉత్తరమైంది. తూర్పున పొడవనందుకు సూర్యుడికి సంజాయిషీ నోటీసు వెళ్లింది, జవాబు రావాల్సి ఉంది.

మొక్కై వంగనిది మానై వంగదు కాబట్టి, కొత్త దిక్కులను ముందు ఒకటో తరగతికి నేర్పాలని సర్క్యులర్ వచ్చింది. తనిఖీలో ఒక్క పిల్ల తప్పు చూపినా బడిని వాగు అవతలి బడిలో కలిపేస్తారు. ఆ వాగుకు వంతెన లేదు. వంతెన ఫైలు దిక్కులు తేలేదాకా ఆగి ఉంది.

ఎస్తేరు టీచరు అన్నం పళ్లెం మీద గరిటెతో దరువేసింది. తూర్పుకు చప్పట్లు, పడమరకు రెండు గంతులు, ఉత్తరానికి ఒంటికాలు, దక్షిణానికి గిరికీ. మూడు రోజుల్లో పద్దెనిమిది మంది పిల్లల కాళ్లకూ దిక్కులు పట్టుబడ్డాయి. గోడ మీది పటాన్ని కూడా తిప్పి మేకు కొట్టారు. దేశం పక్కకు ఒత్తిగిలి పడుకుంది. ఎవరూ లేపలేదు.

శుక్రవారం పొద్దున విద్యాధికారి వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"పొద్దు ఎటు పొడుస్తుంది?"

పాఠంలో పొద్దు తూర్పునే పొడుస్తుంది కాబట్టి, పదిహేడు చేతులు అధ్యక్షుడి ద్వారం వైపు లేచాయి. మేకలు కాసే వాళ్ల పిల్ల పోలేరు మాత్రం కిటికీ వైపు చూపింది.

"ఆడుండాడు గదా సార్."

అధికారి చెమట తుడుచుకున్నాడు. ఎండ ఆయన మొహం మీదే ఉంది.

"రేపు మళ్లీ వస్తాను. ఈ పిల్ల సంగతి చూడండి టీచరుగారూ."

మధ్యాహ్నం టీచరు పోలేరును పక్కన కూర్చోబెట్టుకుంది.

"బడి పోతే వాగు దాటి పోవాల తల్లీ. వానాకాలం మీ అమ్మ నిన్ను పంపదు."

పోలేరు కిటికీలోంచి ఎండ వైపు చూసింది. "అయితే పొద్దుదే తప్పా టీచర్?"

టీచరుకు సిగ్గేసింది. పదిహేనేళ్ల ఉద్యోగంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

"తప్పే," అంది.

శనివారం పద్దెనిమిది చేతులూ ఒకే వైపు లేచాయి. బడి నిలిచింది. అధికారి వెళుతూ, కిటికీకి అట్ట కొట్టించాలని తనిఖీ పుస్తకంలో రాశాడు.

సోమవారం అట్ట సందులోంచి ఎండ వచ్చి పోలేరు పలక మీద పడింది. పోలేరు పలకను పక్కకు జరుపుకుంది. మొహంలో నవ్వు లేదు.

"పాపం, వాడు బడికి రాలా టీచర్. అందుకే ఇంకా తప్పు పొడస్తన్నాడు."

టీచరు హాజరు పట్టీ తెరిచింది. పద్దెనిమిది పేర్ల కింద పందొమ్మిదో పేరు సూర్యుడు అని రాసి, ఎదురుగా గైర్హాజరు వేసింది.